పరిశోధనా పత్రం: ప్రశ్న, రూపురేఖ, ఆకరాలు

(ముస్లిం విద్యార్థుల అధ్యయన శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



గ్రంథాలు, నివేదికలు ఆధారంగా పరిశోధనా పత్రాన్ని ఎలా రూపొందించాలో చెప్పమని నిర్వాహకులు నన్ను కోరారు. ఇది పూర్తిగా కళాశాల వ్యవహారమనీ, హక్కుల గురించి మాట్లాడుకోవలసిన సభలో దీనికి చోటేమిటనీ వెనుక వరుసలో కూర్చున్న పెద్దలు కొందరు అనుకుంటూ ఉండవచ్చు. వారి సందేహం సహజమే. కనుక ముందుగా వారికే జవాబు చెబుతాను. మన పిల్లల్లో కొందరికి ఈనాడు ఇంజనీరింగ్‌లోనో, వైద్యవిద్యలోనో సీటు తెచ్చిపెడుతున్న నాలుగు శాతం రిజర్వేషన్ ఉంది కదా, దాని చరిత్ర అంతా కాగితాల చరిత్రే. కాగితం బలహీనంగా ఉన్న ప్రతిసారీ అది న్యాయస్థానంలో కూలిపోయింది.

గుర్తు చేసుకుందాం. 2004 జులైలో నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ముస్లింలందరికీ ఐదు శాతం రిజర్వేషన్ కల్పిస్తూ జీవో 33 జారీ చేసింది. దానికి ఆధారం మైనారిటీ సంక్షేమ శాఖ తయారుచేసిన నివేదిక. వెనుకబడిన తరగతుల కమిషన్‌ను సంప్రదించలేదు. అదే ఏడాది సెప్టెంబరులో హైకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ జీవోను కొట్టివేసింది. రెండోసారి ప్రభుత్వం కమిషన్ వద్దకు వెళ్లింది, నివేదిక తెచ్చుకుంది, 2005లో చట్టం చేసింది. ఆ ఏడాది నవంబరులో అదీ నిలువలేదు. కమిషన్ అనుసరించిన పద్ధతి సరిగా లేదన్నది ఆ తీర్పులో ముఖ్యమైన ఆక్షేపణ. మూడోసారి, 2007లో, పి.ఎస్. కృష్ణన్ అనే అనుభవజ్ఞుడైన అధికారి నివేదిక ఇచ్చారు. ముస్లింలందరినీ ఒకే ముద్దగా కాక, సామాజికంగా వెనుకబడిన వర్గాలను విడివిడిగా గుర్తించారు. ఐదు నాలుగైంది. అప్పటికే అమలులో ఉన్న నలభై ఆరు శాతానికి ఐదు కలిపితే యాభై దాటిపోతుంది, నాలుగు కలిపితే దాటదు. ఆ విధంగా వచ్చిందే 2007 నాటి 26వ చట్టం. బీసీ జాబితాలో 'ఇ' గ్రూపు దాని ఫలితమే.

ఆ చట్టాన్ని కూడా 2010 ఫిబ్రవరి 8న హైకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం మెజారిటీ తీర్పుతో కొట్టివేసింది. మరుసటి నెల 25న సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చి, గుర్తించిన వర్గాలకు రిజర్వేషన్ కొనసాగేలా చూసి, విషయాన్ని రాజ్యాంగ ధర్మాసనానికి నివేదించింది. ఆ ఉత్తర్వు నీడలోనే ఒక తరం పిల్లలు చదువుకున్నారు.

నేను న్యాయవాదిని కాను. ఆ తీర్పులు సబబా కాదా అన్న చర్చ ఇప్పుడు చేయను. 2010 నాటి మెజారిటీ తీర్పులోని ఒక్క అంశాన్ని మాత్రం అధ్యాపకుడిగా మీ ముందు పెడతాను. ఆంత్రోపాలజికల్ సర్వే ఆఫ్ ఇండియా వేరొక ప్రయోజనం కోసం సేకరించిన సమాచారాన్ని వెనుకబాటుతనాన్ని నిర్ణయించడానికి వాడుకున్నారని న్యాయమూర్తులు తప్పుపట్టారు. ఒక ఆకరం దేనికోసం పుట్టింది, దాన్ని మనం దేనికోసం వాడుతున్నాం అన్న ప్రశ్న అది. పరిశోధన చేసే ప్రతి విద్యార్థీ మొదటిరోజే తనను తాను అడగవలసిన ప్రశ్న కూడా అదే. మన విషయంలో ఆ ప్రశ్నను ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం అడిగే దాకా రావడం విచారకరం.

ఇక అసలు విషయానికి వస్తాను. గ్రంథాధారిత పరిశోధన అంటే ఇంటింటికీ తిరిగి సమాచారం సేకరించేది కాదు. ఇప్పటికే అచ్చయి ఉన్న నివేదికలు, చట్టాలు, తీర్పులు, జనాభా లెక్కలు, పండితుల గ్రంథాలు, వ్యాసాలు దగ్గర పెట్టుకొని, వాటిని ఒకదానితో ఒకటి పోల్చి, ఒక ప్రశ్నకు జవాబు వెదకడం. సర్వేకు డబ్బు కావాలి, మనుషులు కావాలి, ఊళ్లు తిరగాలి. దీనికి గ్రంథాలయం సభ్యత్వ కార్డు, ఒక ఫోను, ఓపిక ఉంటే చాలు. ఇంటి నుంచి దూరం పంపడానికి తల్లిదండ్రులు సందేహించే ఆడపిల్లలు ఈ సభలో చాలామంది ఉన్నారని నాకు తెలుసు. వారు కూడా ఇంట్లోనే కూర్చొని దేశంలో ఎవరూ చేయని పని చేయగలరు. సుళువని చెప్పడం లేదు, సాధ్యమని చెబుతున్నాను.

మొదట ప్రశ్న. మన పిల్లలను ఏ అంశం మీద రాస్తారని అడిగితే పదిమందిలో ఎనిమిదిమంది "భారతదేశంలో ముస్లింల వెనుకబాటుతనం" అంటారు. అది ప్రశ్న కాదు, ప్రసంగానికి శీర్షిక. దాని మీద వెయ్యి పుటలు రాసినా పూర్తికాదు, పది పుటలు రాస్తే ఏమీ చెప్పినట్లు కాదు. ప్రశ్న అంటే దానికి కాలం ఉండాలి, ప్రాంతం ఉండాలి, జవాబు 'కాదు' అని కూడా రావడానికి అవకాశం ఉండాలి. జవాబు ముందే తెలిసిపోయినదాన్ని రుజువు చేయడానికి కూర్చుంటే అది వకాల్తా అవుతుంది, పరిశోధన కాదు. వకాల్తాకూ విలువ ఉంది, కానీ దాని చోటు వేరు.

ఈ మాట నేను అనుభవంతో చెబుతున్నాను. చాలా ఏళ్ల కిందట నేనొక వ్యాసం రాశాను. మన రాష్ట్రంలో ముస్లింలు అక్షరాస్యతలో మిగతావారి కంటే ఎంతో వెనుకబడి ఉన్నారని అందులో ఎంతో ఆవేశంగా వాదించాను. ఆధారంగా 2001 జనాభా లెక్కలు చూపించాను. ముస్లింల అక్షరాస్యత 59.1 శాతం, దేశ సగటు 64.8 శాతం. వ్యాసం చదివిన ఒక పెద్దాయన నన్ను పిలిపించి ఒకే ఒక్క మాట అడిగారు. "బేటా, ఇది దేశం లెక్క. మన రాష్ట్రం లెక్క చూశావా?" చూడలేదు. ఇంటికి వచ్చి పట్టిక తీశాను. అదే 2001లో ఆంధ్రప్రదేశ్ సగటు అక్షరాస్యత 60.5 శాతం, రాష్ట్రంలోని ముస్లింలది 68 శాతం. అంటే నేను రాసినదానికి సరిగ్గా తలకిందులు. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. నేను సమాజానికి మేలు చేస్తున్నాననుకున్నాను. ఎదుటి పక్షం న్యాయవాది చేతికి నేనే కత్తి అందించాను.

ఇక్కడ రెండు దారులు ఉంటాయి. ఆ అంకెను దాచిపెట్టడం ఒకటి. ఎవరూ చూడరులే అనుకోవడం. కానీ జనాభా లెక్కలు ఎవరైనా తెరిచి చూడగల పుస్తకం. పైగా సచార్ కమిటీ నివేదికే ఆంధ్రప్రదేశ్‌తో సహా కొన్ని రాష్ట్రాల్లో ముస్లింల అక్షరాస్యత రాష్ట్ర సగటు కంటే ఎక్కువగా ఉందని చెప్పింది. రెండో దారి, ఆ అంకెను ఎదురుగా పెట్టుకొని ఎందుకు ఇలా ఉందని అడగడం. అలా అడిగితే తలుపులు తెరుచుకుంటాయి. ఉమ్మడి రాష్ట్రంలో ముస్లింలలో సగానికి పైగా పట్టణవాసులు. రాష్ట్ర జనాభా మొత్తంలో పట్టణవాసులు 27 శాతం మాత్రమే. పట్టణంలో ఉన్నవారికి బడి దగ్గర, అక్షరజ్ఞానం సహజంగానే ఎక్కువ. కనుక పట్టణ ముస్లింను పల్లెతో సహా మొత్తం రాష్ట్రంతో పోల్చడం న్యాయమా? పట్టణంతో పట్టణాన్ని, పల్లెతో పల్లెను పోలిస్తే ఏమవుతుంది? అక్షరాస్యత దాటి పదో తరగతికి, డిగ్రీకి వచ్చేసరికి ఏమవుతుంది? చదువు ఉద్యోగంగా మారుతోందా? చూడండి, దాచిపెట్టాలనిపించిన అంకె నుంచే నాలుగు మంచి ప్రశ్నలు వచ్చాయి.

ఉదాహరణకు ఈ ప్రశ్న తీసుకుందాం: 2001 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ముస్లింల అక్షరాస్యత రాష్ట్ర సగటును మించి ఉండగా, 2004 నుంచి 2007 వరకు వచ్చిన ప్రభుత్వ నివేదికలు వారి విద్యాపరమైన వెనుకబాటుతనాన్ని ఏ ఆధారాలపై నిరూపించబూనాయి, న్యాయస్థానం ఆ ఆధారాలను ఎలా తూచింది? దీనికి కాలం ఉంది, ప్రాంతం ఉంది, కావలసిన పత్రాలన్నీ అచ్చులో ఉన్నాయి. ఇరవై పుటలలో ముగుస్తుంది. జవాబు మనకు నచ్చేలా ఉంటుందన్న హామీ మాత్రం లేదు.

ప్రశ్న కుదిరాక రూపురేఖ. దీన్నే మీరు అవుట్‌లైన్ అంటారు. చాలామంది చదవడం అంతా పూర్తిచేసి రూపురేఖ వేద్దామనుకుంటారు. అలా చేస్తే చదువు ఎప్పటికీ పూర్తికాదు. నాలుగైదు ముఖ్యమైన పత్రాలు చదవగానే ఒక కాగితం మీద రూపురేఖ వేయండి. అది తప్పవుతుంది, మారుతుంది, మారనివ్వండి. మేస్త్రీ గోడ లేపడానికి ముందు నేల మీద సున్నంతో గీత గీస్తాడు చూశారా, అలాంటిది అది. గీత చెరిపి మళ్లీ గీయడానికి ఖర్చులేదు, గోడ పడగొట్టడానికి ఖర్చవుతుంది.

మన ఉదాహరణకు రూపురేఖ ఎలా ఉండవచ్చో చెబుతాను. మొదటి భాగంలో ప్రశ్న, అది ఎందుకు ముఖ్యమో ఒకటిన్నర పుట. ఉపోద్ఘాతంలో మహాపురుషుల సూక్తులు, స్వాతంత్ర్య సమరంలో మన త్యాగాలు వద్దు. అవి గొప్పవే, ఈ ప్రశ్నకు సంబంధించినవి కావు. రెండో భాగంలో ఈ విషయం మీద ఇంతకుముందు ఎవరేమి రాశారన్నది. మూడో భాగంలో 'ముస్లింలు' అన్న పదానికి ఈ పత్రంలో అర్థమేమిటన్నది. దీని గురించి కాస్త ఆగి చెబుతాను. నాలుగులో జనాభా లెక్కలు, వాటి పోలికలు. ఐదులో నివేదికల ఆధారాలు. ఆరులో తీర్పుల విమర్శ. ఏడులో, మన వాదానికి వ్యతిరేకంగా నిలిచే ఆధారాలన్నీ ఒకచోట. ఆపైన ముగింపు.

ఏడో భాగాన్ని చాలామంది వదిలేస్తారు, లేదా ముగింపుకు ముందు రెండు వాక్యాల్లో తేల్చేస్తారు. నేనైతే రూపురేఖ వేసేటప్పుడు ముందుగా ఆ భాగమే నింపమంటాను. మీ ప్రశ్నకు ఎదురుతిరిగే మూడు ఆధారాలు మీకే తెలియకపోతే, మీరు ఇంకా తగినంత చదవలేదని అర్థం. ఇందులో నైతికత ఉంది, దానితోపాటు లోకజ్ఞానమూ ఉంది. మన పత్రాలను చదివేవారిలో మనతో ఏకీభవించేవారు సగంమంది మాత్రమే. మిగతా సగం లోపం ఎక్కడ దొరుకుతుందా అని చూసేవారు. లోపాన్ని మనమే ముందుగా చెప్పి, దాని బరువెంతో మనమే తూచి చూపితే వారికి చేయడానికి పెద్దగా పని మిగలదు.

మూడో భాగం సంగతి. మన సభల్లో ఈ మాట ఎత్తితే కొందరు పెద్దలకు ఇబ్బందిగా ఉంటుంది. ముస్లింలందరూ ఒకటే, మనలో కులమెక్కడిది అంటారు. మస్జిదు వరుసలో ఆ మాట అక్షరసత్యం. పత్రంలో మాత్రం పరీక్షకు పెట్టవలసిన మాట. దూదేకుల, లద్దాఫ్, పింజారి, నూర్‌బాషా అని పిలిచేవారు 2007కు ముందు నుంచీ బీసీ 'బి'లో ఉన్నారు. ముస్లిం మెహతర్లు బీసీ 'ఎ'లో ఉన్నారు. 2007 చట్టం ఫకీరు, ధోబీ, హజామ్, ఖురేషీ, గారడీ, అత్తరు సాయిబులు వంటి వర్గాలను 'ఇ'లో చేర్చి, సయ్యద్, పఠాన్, మొఘల్, ఇరానీ, అరబ్ వంటి వారిని బయట ఉంచింది. అంటే ఆ చట్టమే సమాజంలోని అంతరాల మీద నిలబడి ఉంది. అంతరాలు లేవని వాదించే పత్రం తన కాళ్ల కింది నేలను తానే తవ్వుకుంటుంది. ఇంతియాజ్ అహ్మద్ సంపాదకత్వంలో 1973లోనే భారత ముస్లింలలో కులం, సామాజిక అంతరాల మీద ఒక సంకలనం వచ్చింది. సచార్ నివేదిక అష్రాఫ్, అజ్లాఫ్, అర్జాల్ అన్న విభజనను చర్చించింది. ఇటీవలి తెలంగాణ ఇంటింటి సర్వే లెక్కలను 2025 ఫిబ్రవరిలో ప్రకటించినప్పుడు ముస్లింలలో బీసీలను 10.08 శాతంగా, ఇతరులను 2.48 శాతంగా విడివిడిగా చూపారు. కనుక 'ముస్లింలు' అని రాసిన ప్రతిచోటా ఏ ముస్లింలు అని మీ పెన్ను మిమ్మల్ని అడగాలి.

ఇప్పుడు ఆకరాలు. వీటిని నేను దగ్గరివి, దూరపువి అని విడదీస్తాను. జీవో, చట్టం, తీర్పు, కమిషన్ నివేదిక, జనాభా లెక్కల పట్టిక దగ్గరి ఆకరాలు. వాటి గురించి ఇతరులు రాసిన గ్రంథాలు, పత్రికా వ్యాసాలు దూరపు ఆకరాలు. దూరపువి పనికిరావని కాదు. దారి చూపేవి అవే. కానీ వాటిని పట్టుకొని దగ్గరివాటి వద్దకు నడవాలి, అక్కడే కూర్చోకూడదు.

ఎందుకంటే, నోటి నుంచి నోటికి మారుతూ మాట ఎంత మారిపోతుందో సచార్ నివేదిక మీద జరిగిన ప్రచారమే చెబుతుంది. జస్టిస్ రాజిందర్ సచార్ అధ్యక్షతన 2005లో ఏర్పడిన ఆ కమిటీ 2006 నవంబరులో నివేదిక సమర్పించింది. ముస్లింలు దళితుల కంటే హీనస్థితిలో ఉన్నారని సచార్ తేల్చాడని మన వేదికల మీద ఎన్నిసార్లు విన్నామో లెక్కలేదు. నేనూ అన్నాను. నివేదిక తెరిచి చూస్తే, దాదాపు అన్ని సూచికల్లో ముస్లింలు ఎస్సీ, ఎస్టీల కంటే కొంత మెరుగుగానూ, హిందూ ఓబీసీల కంటే వెనుకగానూ ఉన్నారన్నది దాని మొత్తం సారాంశం. కొన్ని అంశాల్లో, కొన్ని చోట్ల పరిస్థితి వేరుగా ఉండవచ్చు, ఆ అంశమేమిటో, ఆ చోటేమిటో చెప్పి రాయాలి. లేకపోతే దళిత మిత్రుల ముందు మనం తలదించుకోవలసి వస్తుంది. ఇంకొకటి. సచార్ ముస్లింలకు రిజర్వేషన్ సిఫార్సు చేశాడని చాలామంది రాస్తారు. ముస్లింలందరికీ కలిపి ఇంత శాతమని ఆ కమిటీ సిఫార్సు చేయలేదు. సమాన అవకాశాల కమిషన్, జాతీయ సమాచార నిధి వంటివి సూచించింది. శాతం చెప్పింది రంగనాథ్ మిశ్రా కమిషన్. 2007 మే నెలలో సమర్పించిన ఆ నివేదిక మైనారిటీలకు పదిహేను శాతం, అందులో ముస్లింలకు పది శాతం అన్నది. పార్లమెంటు ముందుకు అది 2009 డిసెంబరులో గాని రాలేదు. రెండు నివేదికలనూ కలిపి ఒకే పేరుతో చలామణీ చేయడం మన వ్యాసాల్లో మామూలైపోయింది.

మిశ్రా నివేదికను చదివేవారు చివరిదాకా చదవాలి. మతం మారిన దళితులకు ఎస్సీ హోదా ఇవ్వాలన్న సిఫార్సుపై కమిషన్ సభ్య కార్యదర్శి ఆశా దాస్ అసమ్మతి తెలిపారు. అసమ్మతి పత్రాలను, న్యాయస్థానాల్లో మైనారిటీ తీర్పులను దాటవేయకండి. ఎదుటివారి వాదం ఎంత బలమైనదో అక్కడే తెలుస్తుంది. 2010 తీర్పు కూడా ఏకగ్రీవం కాదు. అందులో భిన్నస్వరం మనకు అనుకూలమైనది కాబట్టి దాన్ని మాత్రమే చదివేవారూ ఉన్నారు. అదీ పొరపాటే.

ఆకరానికి ఉండే హద్దును కూడా గుర్తించండి. బ్రిటిష్ అధికారి హంటర్ 1871లో భారతీయ ముసల్మానుల మీద ప్రచురించిన గ్రంథాన్ని యావద్దేశానికీ వర్తింపజేస్తూ రాసిన వ్యాసాలు నేను ఎన్నో చూశాను. దాని ప్రధాన ఆధారం బెంగాల్. నిజాం రాజ్యంలోని ముస్లిం ఉద్యోగికీ, బెంగాల్ రైతుకూ ఏ పోలికా లేదు. అలాగే 2014 తరువాత మనకు ఇంకో చిక్కు వచ్చింది. ఉమ్మడి రాష్ట్రం లెక్కలను తెలంగాణకో, నేటి ఆంధ్రప్రదేశ్‌కో అంటగట్టకూడదు. 2011 లెక్కలను విడదీసి చూస్తే తెలంగాణ జనాభాలో ముస్లింలు 12.7 శాతం, మిగిలిన ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 7.3 శాతం. రెండింటినీ కలిపిన సగటుతో కర్నూలు గురించి, పాతబస్తీ గురించి ఒకే వాక్యం రాస్తే అది రెండు చోట్లా అబద్ధమవుతుంది. తెలంగాణ మీద రాసేవారు 2016లో వచ్చిన సుధీర్ కమిషన్ నివేదికనూ, దాని తరువాత 2017 ఏప్రిల్‌లో శాసనసభ ఆమోదించిన పన్నెండు శాతం బిల్లునూ విధిగా చూడాలి.

ఇవన్నీ ఎక్కడ దొరుకుతాయి? సచార్, మిశ్రా నివేదికలు, జనాభా లెక్కల పట్టికలు ప్రభుత్వ వెబ్‌సైట్లలో ఉచితంగా దొరుకుతాయి. తీర్పుల పూర్తి పాఠం ఇంటర్నెట్‌లో చదవవచ్చు. విశ్వవిద్యాలయాలకు సమర్పించిన సిద్ధాంత గ్రంథాలు శోధ్‌గంగలో వేలాదిగా ఉన్నాయి, ఒక మంచి సిద్ధాంత గ్రంథం చివర ఉండే గ్రంథసూచి మీకు రెండు నెలల శ్రమ తగ్గిస్తుంది. హైదరాబాదులో ఉన్నవారికి అఫ్జల్‌గంజ్‌లో రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం ఉంది, తార్నాకలో రాష్ట్ర పురాభిలేఖాగారం ఉంది. బాగ్‌లింగంపల్లిలో సుందరయ్య విజ్ఞాన కేంద్రంలో ఒక అపురూపమైన ఉర్దూ గ్రంథ సేకరణ ఉంది.

ఉర్దూ మాట వచ్చింది గనుక చెబుతాను. తెలుగు మాధ్యమంలోనో, ఇంగ్లీషు మాధ్యమంలోనో చదివిన మన పిల్లల్లో ఎక్కువమందికి ఉర్దూ మాట్లాడటం వస్తుంది, చదవడం రాదు. మన చరిత్రలో సగం ఆ లిపిలో ఉండిపోయింది. దీనికి నాకు తెలిసిన మందు ఇంట్లోనే ఉంది. మా దగ్గర చదివిన ఒక విద్యార్థిని పాత ఉర్దూ పత్రికల ప్రతులు తెచ్చుకొని, రోజూ మగ్రిబ్ తరువాత దాదాతో చదివించుకొని, తాను తెలుగులో రాసుకునేది. ఆ ముసలాయన కళ్లద్దాలు సవరించుకుంటూ మధ్యమధ్య తన చిన్ననాటి సంగతులు కూడా చెప్పేవారట. ఆ సంగతులను ఆమె వేరే పుస్తకంలో రాసుకుంది. పత్రంలో కలపలేదు. ఆ వివేకం నాకు నచ్చింది. అచ్చులో ఉన్న ఆకరం వేరు, దాదా జ్ఞాపకం వేరు. రెండూ విలువైనవే.

కథలు, కవితల గురించి కూడా అడుగుతారు. 1998లో వచ్చిన 'జల్‌జలా' కవితా సంకలనం, 2004లో వచ్చిన 'వతన్' కథా సంకలనం తెలుగు ముస్లింల జీవితాన్ని ఏ నివేదికా చెప్పలేని విధంగా చెప్పాయి. వాటిని అనుభవానికి సాక్ష్యంగా వాడండి. శాతాలకు సాక్ష్యంగా వాడకండి.

చదివేటప్పుడు రాసుకునే పద్ధతి గురించి నాలుగు మాటలు. ప్రతి ఆకరానికి ఒక కాగితం. పైన గ్రంథం పేరు, ప్రచురించిన ఏడు, పుట సంఖ్య. పుట సంఖ్య లేని నోట్సు పారేయవలసిన నోట్సే. గ్రంథకర్త మాటలను నల్ల సిరాతోనూ, మీ ఆలోచనను వేరే రంగుతోనూ రాయండి. ఆరు నెలల తరువాత ఏది ఎవరి మాటో గుర్తుండదు, అక్కడే తెలియకుండా చౌర్యం జరిగిపోతుంది. ఇంకొకరి వ్యాసంలో ఉటంకించిన అంకెను నేరుగా మూలం నుంచి తీసుకున్నట్లు రాయకండి. మూలం దొరకకపోతే, ఫలానా వ్యాసం ద్వారా తెలిసిందని నిజాయితీగా రాయండి. ఫోనులో అడిగితే జవాబులు చెప్పే కొత్త యంత్రాల సంగతి మీకే బాగా తెలుసు. అవి ఎంతో మర్యాదగా, ఎంతో ధీమాగా, లేని పుస్తకాల పేర్లు కూడా చెబుతాయి. వాటితో పదాలకు అర్థాలు తెలుసుకోండి, కావాలంటే వెదికే దారి అడగండి. చేతితో తెరిచి చూడని ఏ ఆకరం పేరూ మీ పత్రంలోకి రానివ్వకండి. నా అజ్ఞానానికి ఒక పెద్దాయన సున్నితంగా బుద్ధి చెప్పారు. మీ పత్రాన్ని పరీక్షించేవారు అంత సున్నితంగా ఉండకపోవచ్చు.

కాలం పంపకం ఎలా అని ఒక అబ్బాయి ఉదయం అడిగాడు. పన్నెండు వారాలు ఉన్నాయనుకుందాం. ప్రశ్న కుదరడానికే రెండు వారాలు ఇవ్వండి. చదవడానికి ఆరు. రాయడానికి రెండు చాలు, రూపురేఖ సరిగా ఉంటే రాత పరుగెడుతుంది. మిగిలిన రెండు వారాల్లో పత్రాన్ని ఇద్దరికి ఇవ్వండి. ఒకరు విషయం తెలిసినవారు, మరొకరు మీతో ఏకీభవించనివారు. రెండోవారిని వెదకడం మన చుట్టుపక్కల కొంచెం కష్టమే. అయినా వెదకండి.

వచ్చే నెల రెండో ఆదివారం మళ్లీ ఇదే హాలులో కలుసుకుంటాం. ప్రతివారూ ఒకే ఒక్క కాగితం తెచ్చుకోండి. పైన మీ ప్రశ్న ఒక్క వాక్యంలో, కింద రూపురేఖ, కాగితం వెనుక వైపు మీరు అప్పటికి తెరిచి చూసిన ఆకరాలు, వాటి పక్కన మీ వాదానికి అడ్డువచ్చే మూడు ఆధారాలు. నేనూ నా కాగితం తెస్తాను. కర్నూలు, కడప జిల్లాల నుంచి వచ్చేవారు బస్సు వేళలు చూసుకొని బయలుదేరండి, పది గంటలకు తప్పక మొదలుపెడతాం.